సన్న టైరుకు ఎంత గాలి?

ఎ.కొండూరు నుంచి తిరువూరు పోయేది 30వ నంబరు జాతీయ రహదారి. ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం మీదుగా వచ్చి భద్రాచలం, జగదల్‌పూర్ వైపు సాగుతుంది. పేరుకు హైవేనే. వెనక లారీ హారన్ కొడితే మాత్రం సైకిలువాడు దిగాల్సింది కంకర తేలిన అంచు మీదకే. రోడ్‌బైకు కొంటామని సలహా అడిగే మా కుర్రాళ్లకు ముందు ఆ అంచే చూపిస్తాను.

వాళ్ల మనసంతా సన్న టైరు మీదే. ఒకప్పుడు రేసుల్లో 23 మిల్లీమీటర్ల టైర్లు వేసి, గాలి 100 పీఎస్‌ఐ దాటించేవాళ్లు. ఇప్పుడు రేసుగాళ్లే 28కి, ఆ పైకి వచ్చేశారు. నేలకు ఆనిన చోట టైరు నలుగుతుంది. నలిగినప్పుడల్లా మన తొక్కుడులో కొంత రబ్బరులో వేడిగా పోతుంది. గాలి ఒకటే అయినప్పుడు వెడల్పు టైరు నేల మీద పొట్టిగా, అడ్డంగా ఆనుతుంది కాబట్టి తక్కువ నలుగుతుంది. అలాగని గాలి మరీ బిగిస్తే గతుకును టైరు మింగదు, మనిషీ సైకిలూ ఎగిరిపడతారు. ముందుకు పోవాల్సిన బలం ఆ ఎగురుడులో పోతుంది. అంత బిగువు నున్నటి ట్రాకు మీద చెల్లుతుందేమో గానీ, మన రోడ్డు మీద చెల్లదు.

నా లెక్క ఇదీ: మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు, 28 టైరు, లోపల ట్యూబు అయితే వెనక 75, ముందు 70. బరువు వెనకే ఎక్కువ పడుతుంది మరి. తండాల వైపు బాటలకు 32 టైరు వేసి 60కి దించుతాను. ఇంకా దించితే గుంటలో పడ్డప్పుడు రిమ్ము ట్యూబును నొక్కేసి, పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పెడుతుంది. అవి కనబడితే ముల్లు కోసం వెతక్కండి, గాలి చూసుకోండి. హుక్కుల్లేని కొత్తరకం రిమ్ములకైతే 72 దాటనివ్వకూడదు.

టైరు పక్కన 28-622 అని ఉంటుంది. మొదటిది వెడల్పు, రెండోది టైరు కూర్చునే రిమ్ము వ్యాసం. మన పాత నల్ల సైకిళ్ల 28×1½ టైరుది 635. ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. దారిలో పాత సైకిళ్ల సరుకే దొరికితే మన పని కాదు, అందుకే రోడ్‌బైకు ట్యూబు వెంట ఉంచుకోవాలి.

పంచరు షాపులో బొటనవేలితో నొక్కి ‘చాలు సార్’ అంటారు. పాత సైకిలుకు అది చాలు. 60కీ 80కీ తేడా మాత్రం వేలికి తెలియదు, గేజీ ఉన్న పంపు కొనాల్సిందే. మామిడికాయల లారీలు తిరిగే ఎండల్లో టైరు పేలుతుందని సగం గాలి తీసేసేవాళ్లున్నారు. పొద్దున 30 డిగ్రీల్లో 80 కొట్టిన టైరు 60 డిగ్రీలకు కాగినా 90 లోపే ఉంటుంది. టైరు మీద అచ్చేసిన హద్దు అంతకు పైనుంటే తీయాల్సిన పనే లేదు. సన్న ట్యూబులో గాలి ఎలాగూ దిగుతూనే ఉంటుంది. వేసవైనా సరే, వారం వారం నింపుకోవాల్సిందే.