హెవీ మెటల్ బ్యాండ్ల నాదం ఎందుకు మారుతుంది: అపోహలు, వాస్తవాలు

అపోహ: ప్రతి మెటల్ బ్యాండ్‌కూ తొలి రోజుల్లో ఒక అసలు నాదం ఉంటుంది, తరువాత వచ్చే మార్పులన్నీ దాని నుంచి జారిపోవడమే.

ఈ సంగీత శాఖకు పునాది వేసిన బ్లాక్ సబ్బత్ చరిత్రే ఈ నమ్మకాన్ని తోసిపుచ్చుతుంది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో రేకుల కర్మాగారంలో పనిచేస్తూ, పదిహేడేళ్ల వయసులో యంత్రం కింద కుడిచేతి రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్న ఆ బృంద సభ్యుడు టోనీ అయోమీ ఎడమచేతివాటం గిటారిస్టు కావడం వల్ల, తీగలను నొక్కి పట్టవలసిన చేయే దెబ్బతిన్నది. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని, సన్నని తీగలు బిగించుకుని వాయించిన ఆయన, 1971 నాటి మూడవ ఆల్బమ్ ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో పలు పాటలకు గిటార్ శ్రుతిని హార్మోనియం లెక్కన మూడు మెట్లు కిందికి దించాడు. తీగ బిగువు తగ్గి వేళ్లకు శ్రమ తగ్గింది. నాదం లోతుగా, బరువుగా మారింది. నేడు మెటల్ స్వభావమని అందరూ భావించే ఆ మంద్రనాదం తొలి ఆల్బమ్‌తోనే వచ్చింది కాదు, గాయపడిన చేతికి వెసులుబాటు వెతికే క్రమంలో వచ్చి చేరిన మార్పు.

అపోహ: పేరు వచ్చాక నాదం మారిందంటే ఆ బ్యాండ్ డబ్బుకు అమ్ముడుపోయినట్లే.

ఈ నిందను అందరికంటే ఎక్కువగా మోసినది అమెరికాకు చెందిన మెటాలికా. అతివేగమైన దరువునూ తెగ నరికినట్లుండే గిటార్ వాదననూ కలిపిన థ్రాష్ మెటల్‌కు 1983 నాటి తమ తొలి ఆల్బమ్‌తో ఊపునిచ్చిన ఈ బృందం, 1991లో తన పేరుతోనే వెలువరించిన ఆల్బమ్‌లో వేగం తగ్గించి పాటలను కుదించింది. అది అమెరికాలోనే 1.6 కోట్లకు పైగా కాపీలు అమ్ముడుపోవడంతో నింద స్థిరపడిపోయింది. అమ్మకాలు నిజమే, ఎక్కువమందికి చేరాలన్న కోరిక వారికి లేదని చెప్పడమూ సత్యదూరమే. అయితే 1988 ఆల్బమ్‌లో దాదాపు పది నిమిషాల నిడివితో, మలుపు తరువాత మలుపుగా అల్లిన పాటలను వేదికల మీద వాయించి వాయించి ఆ మార్గం చివరికంటా వెళ్లిన బృందం, వెనుదిరగడానికి సంగీతపరమైన కారణమే ఉంది. అంతకుముందు ఎవరి భాగాన్ని వారు విడివిడిగా రికార్డు చేసుకునే పద్ధతిని కాదని, అందరూ ఒకే గదిలో కలిసి వాయించాలని పట్టుబట్టిన ప్రొడ్యూసర్ బాబ్ రాక్ ప్రభావం కూడా తక్కువది కాదు. పైగా మెత్తబడ్డదని చెప్పే ఈ ఆల్బమ్‌లోనే ‘సాడ్ బట్ ట్రూ’ కోసం గిటార్లను రెండు మెట్లు కిందికి దించారు. వేగాన్నే బరువుగా భావించేవారికి ఆ బరువు వినిపించలేదు. మెత్తగా మొదలయ్యే ‘ఫేడ్ టు బ్లాక్’ను వారు 1984లోనే రికార్డు చేశారన్న సంగతిని కూడా ఈ నింద మోపేవారు మరచిపోతారు.

అపోహ: వయసు పెరిగేకొద్దీ మెటల్ బ్యాండ్లు మెత్తబడతాయి.

1986లో ‘టర్బో’ ఆల్బమ్‌కు గిటార్ సింథసైజర్లు వాడి విమర్శలు ఎదుర్కొన్న జూడస్ ప్రీస్ట్, కొత్త డ్రమ్మర్ స్కాట్ ట్రావిస్ చేరికతో 1990లో తమ ఆల్బమ్‌లన్నింటిలోనూ అత్యంత తీవ్రమైన వాటిలో ఒకటైన ‘పెయిన్‌కిల్లర్’ను అందించింది, అప్పటికి తొలి ఆల్బమ్ వచ్చి పదహారేళ్లు. స్వీడన్ బ్యాండ్ ఓపెత్, గొంతు అడుగు నుంచి గర్జించినట్లు పాడే ‘గ్రోల్’ పద్ధతిని 2011లో విడిచిపెట్టి, 2024 ఆల్బమ్‌లో తిరిగి చేపట్టింది.

అపోహ: గాయకుడు మారితే మారేది గొంతు ఒక్కటే.

బ్లాక్ సబ్బత్ తొలి గాయకుడు ఆజీ ఆజ్‌బర్న్ తరచూ గిటార్ రిఫ్‌ను, అంటే పాటంతటా మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరవరుసను, గొంతుతో అనుసరిస్తూ పాడేవాడు. 1979లో ఆయన స్థానంలోకి వచ్చిన రానీ జేమ్స్ డియో రిఫ్‌కు భిన్నమైన బాణీని దాని మీదుగా నడిపించగలవాడు, సాహిత్యం కూడా తానే రాసేవాడు. అందువల్ల 1980 నాటి ‘హెవెన్ అండ్ హెల్’లో అయోమీ రిఫ్‌లు కట్టే తీరే మారింది. ఆ ఆల్బమ్‌ను పాత సబ్బత్‌కు నకలుగా కాక, వేరొక కూర్పుగా వినడమే న్యాయం.

అపోహ: ఆల్బమ్‌లో వినిపించేదంతా బ్యాండ్ వాయించిన తీరే.

అన్ని అపోహల్లోనూ ఎక్కువ నష్టం చేసినది ఇదే, ఎందుకంటే వాద్యకారులు చేయని తప్పుకు కూడా వారినే బాధ్యులను చేస్తుంది. జేసన్ న్యూస్టెడ్ బేస్ గిటార్ 1988 మెటాలికా ఆల్బమ్‌లో దాదాపు వినిపించకపోవడానికి ఆయన వాదన కారణం కాదు, మిక్సింగ్‌లో, అంటే విడివిడి ధ్వనుల పాళ్లను కలిపే దశలో, దానిని అణచివేశారు. అదే బృందం 2008లో విడుదల చేసిన ‘డెత్ మాగ్నెటిక్’ను, మెల్లని ధ్వనులకూ పెద్ద ధ్వనులకూ మధ్య తేడాను కుదించే కంప్రెషన్ ప్రక్రియతో ఎంత బిగించారంటే, డ్రమ్ముల దెబ్బలు పగిలిపోయినట్లు వినిపించి వేలాది శ్రోతలు నిరసన తెలిపారు. అవే పాటలు ‘గిటార్ హీరో’ అనే వీడియో గేమ్‌లో ఆ బిగింపు లేకుండా రావడంతో, అదే వాదన అక్కడ స్పష్టంగా, గాలి ఆడినట్లుగా వినిపించింది.