మెడ మీద కత్తి తప్పదా?

డిస్కు జారినవారిలో ఎక్కువమందికి ఆపరేషన్ అక్కర్లేదు. అవసరమైన కొందరికి మాత్రం ఆలస్యమే చేటు

మొదట మెడ పట్టేసినట్టు ఉంటుంది. దిండు సరిగా లేదేమోనని సరిపెట్టుకుంటారు. నాలుగు రోజుల్లో నొప్పి భుజం మీదుగా చేతిలోకి దిగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఎంఆర్‌ఐ తీయిస్తే ‘డిస్క్ ప్రొలాప్స్’ అని రిపోర్టు వస్తుంది. అప్పట్నుంచి ఇంటిల్లిపాదికీ ఒకటే బెంగ: ఆపరేషన్ చేయించాలా, వద్దా?

దీనికి జవాబు ఒక్క ఫిల్ములోనే దొరకదు. జపాన్‌లో మెడ బాధలేవీ లేని 1,211 మందికి ఎంఆర్‌ఐ తీసి 2015లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 87.6 శాతం మందికి డిస్కు ఎంతో కొంత ఉబ్బే ఉంది. అందుకే డాక్టర్లు ఫిల్ముతోపాటు రోగి కాళ్లూ చేతుల్లోని పట్టునూ స్పర్శనూ పరీక్షిస్తారు.

పూసల మధ్య మెత్తల్లా ఉండేవే డిస్కులు. పైపొర చిట్లి, లోపలి గుజ్జు బయటికొచ్చి నరాన్ని నొక్కితే చేయంతా సలుపుతుంది. అయిదు-ఆరు, ఆరు-ఏడు పూసల మధ్య ఈ బెడద ఎక్కువ. అయితే ఆ గుజ్జును చాలాసార్లు శరీరమే క్రమంగా కరిగించుకుంటుంది. ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో బాధ తగ్గుముఖం పడుతుంది.

ఈలోగా నొప్పి మాత్రలు, ఫిజియోథెరపీ ఆసరా. కాలర్ కొద్ది వారాలకే పరిమితం కావాలి, నెలల తరబడి పెట్టుకుంటే మెడ కండరాలు బలహీనపడతాయి. వెన్నులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొందరికి తాత్కాలిక ఉపశమనమిస్తుంది. కానీ అరుదుగా పక్షవాతం వంటి ముప్పు ఉందని అమెరికా ఎఫ్‌డీఏ 2014లో హెచ్చరించింది. సెలూన్‌లో మెడ విరిపించుకోవడం మాత్రం అసలే కూడదు.

స్వీడన్‌లో దీర్ఘకాలంగా చేతి నొప్పి ఉన్న 81 మందిని ఆపరేషన్, ఫిజియోథెరపీ, కాలర్ అని మూడు జట్లుగా చేసి పరిశీలించారు. ఆపరేషన్‌తో నొప్పి త్వరగా తగ్గింది. కానీ ఏడాది గడిచేసరికి మూడు జట్ల మధ్య పెద్ద తేడా లేదని 1997లో తేల్చారు.

వారాలు గడిచినా నొప్పి లొంగకపోయినా, చేతి బలం సన్నగిల్లుతున్నా ఆపరేషన్ గురించి ఆలోచించాల్సిందే. మెడ ముందు నుంచి డిస్కు తీసేసి పూసలను అతికించే పద్ధతి 1950ల నుంచీ ఉంది. అమెరికాలో 2007లో అనుమతి పొందిన కృత్రిమ డిస్కుతో మెడ కదలిక నిలుస్తుంది. ఎముకలు గుల్లబారినవారికి అది పనికిరాదు. కొందరికి మెడ వెనక నుంచి నరం దారిని వెడల్పు చేస్తే సరిపోతుంది.

గుజ్జు ఏకంగా వెన్నుపామునే నొక్కితే ఆగడానికి వీల్లేదు. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోవడం, అన్నం కలుపుకోవడానికి వేళ్లు సహకరించకపోవడం, నడకలో తూలు, మూత్రం అదుపు తప్పడం దీని గుర్తులు. ఇందులో నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు. అక్కడే చాలామంది మోసపోతారు. నొప్పి లేదు కదా అని తాత్సారం చేస్తే, పోయిన పట్టు ఆపరేషన్ తర్వాత కూడా పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.