మీకు తెలుసా? కాకతీయుల రాజ్యం 1948 దాకా నడిచింది!

కాకతీయుల పాలన ఎప్పుడు ముగిసింది అని అడిగితే బడి పిల్లలైనా 1323 అని టక్కున చెబుతారు. ఓరుగల్లు వరకైతే ఆ జవాబు సరైనదే. ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ సేనలు కోటను పట్టుకున్నాయి. బందీగా ఢిల్లీకి తీసుకుపోతుంటే ప్రతాపరుద్రుడు నర్మదా తీరంలో కన్నుమూశాడు. కానీ ఆయన తమ్ముడు అన్నమదేవుడు గోదావరి అవతలి అడవుల్లోకి వెళ్లి, నాగవంశీయుల ఏలుబడిలో ఉన్న బస్తర్‌ను గెలుచుకున్నాడు. ఆ వంశం వాళ్లే ఆ గడ్డను ఏలుతూ వచ్చారు. 1948 జనవరి 1న బస్తర్ సంస్థానం భారతదేశంలో కలిసింది. అంటే ఓరుగల్లు పడ్డాక మరో ఆరువందల ఇరవై ఏళ్లకు పైగా ఆ దీపం ఆరలేదు!

ఇది ఊరికే చెప్పుకునే మాట కాదు. 1703 నాటి దంతెవాడ శాసనంలో బస్తర్ రాజు దిక్పాలదేవుడు తన వంశవృక్షాన్ని రాయించాడు. ఓరుగల్లు వదిలి బస్తర్ చేరిన అన్నమరాజు కాకతి ప్రతాపరుద్రుడి సోదరుడని అందులో ఉంది. భద్రాచలం నుంచి చింతూరు, కుంట మీదుగా జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే ఆ పాత రాజ్యంలోకే వెళ్తాం. దారిలో తెలుగూ కోయభాషా కలిసే వినిపిస్తాయి.

బస్తర్‌లో ఇంటింటా చెప్పుకునే కథ ఒకటుంది. నువ్వు ముందు నడువు, నీ వెనకే నేనొస్తాను, వెనక్కి మాత్రం చూడకు అని దంతేశ్వరి అమ్మవారు అన్నమదేవుడికి చెప్పిందట. శంఖిని, డంకిని నదులు కలిసేచోట ఇసుకలో కాళ్లు దిగబడి అందెల చప్పుడు ఆగిపోయింది. ఆయన తిరిగి చూశాడు. అమ్మ అక్కడే నిలిచిపోయింది. ఆ చోటే దంతెవాడ.

దక్షిణాఫ్రికాలోనూ ఇలాంటి ప్రస్థానం ఒకటి జరిగింది. 1816లో చిన్న జులూ తెగకు నాయకుడైన షాకా, ఒకే ఈడు యువకులను దళాలుగా కూర్చి, పొట్టి ఈటెతో దగ్గరికెళ్లి పొడిచే యుద్ధం నేర్పి, పన్నెండేళ్లలో పెద్ద రాజ్యం కట్టాడు. ఆయన సేనాని ఎంజిలికాజి, కొల్లగొట్టిన పశువులను రాజుకు అప్పగించకుండా 1820ల మొదట్లో తన మనుషులతో ఉత్తరానికి వెళ్లిపోయాడు. దారిలో లొంగిన తెగల కుర్రాళ్లను తన దళాల్లో కలుపుకుంటూ, చివరికి లింపోపో నది దాటి ఇప్పటి జింబాబ్వేలోని బులవాయో ప్రాంతంలో ఎన్‌డెబెలె రాజ్యం నిలబెట్టాడు. ఆయన కొడుకు లోబెంగులా కాలంలో, 1893లో, అది ఇంగ్లీషువాళ్ల తుపాకులకు కూలింది. కొత్త దళాలు కూర్చుకుంటూ పోయిన ఆ రాజ్యం అరవై ఏళ్లయినా నిలవలేదు.

మరి బస్తర్ అంతకాలం ఎలా నిలిచింది? నా మటుకు నాకు జవాబు జగదల్‌పూర్ దసరాలో కనిపిస్తుంది. డెబ్బై అయిదు రోజుల పండుగ అది. అందులో రాముడు లేడు, రావణుడు లేడు. ఊరూరి దేవతలు దంతేశ్వరి దగ్గరికి తరలివస్తారు. మొదట రాజు వెళ్లి అనుమతి అడగాలి. మిర్గాన్ కులానికి చెందిన చిన్నపిల్ల మీదికి కాచిన్ దేవి పూనుతుంది. ముళ్ల ఊయల మీద పడుకున్న ఆ పిల్ల సరే అంటేనే పండుగ. చివర్లో మాడియా గిరిజనులు ఎనిమిది చక్రాల రథాన్ని రాత్రికి రాత్రి కుమ్డాకోట్‌కు లాక్కుపోతారు. మర్నాడు రాజు అక్కడికి వెళ్లి, వాళ్లతో కలిసి కొత్త బియ్యపన్నం తిని, రథాన్ని తిరిగి తెచ్చుకోవాలి. అడవి జనం ఒప్పుకుంటేనే రాజు రాజని ఏటేటా అందరి ముందూ చెప్పించే ఏర్పాటు ఇది.

ఆ ఒప్పందం తప్పినప్పుడు అడవి ఊరుకోలేదు. 1876లో మురియా గిరిజనులు తిరగబడ్డారు. 1910లో రిజర్వు అడవుల మీద, వెట్టి మీద గుండాధుర్ నాయకత్వంలో భూమ్‌కాల్ తిరుగుబాటు లేచింది. రాజ్యం పోయాకా ఆ బంధం తెగలేదు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజమహల్ మీద పోలీసులు కాల్పులు జరిపితే, ఆదివాసులు దేవుడిగా కొలిచిన మాజీ రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ కాకతీయ చనిపోయాడు. విల్లంబులతో ఆయన పక్కన నిలబడ్డ ఆదివాసులూ ప్రాణాలు పోగొట్టుకున్నారు.

గోదావరి తీరంలోనే మరో కథ. అనప అశ్వారావుకు 1324లో ఢిల్లీ పాదుషా భద్రాచలం, పాల్వంచ సీమ ఇచ్చాడని సంస్థానం వారి కథనం. ఒకే ఓటమి నుంచి ఏడాది తిరిగేసరికి ఒకపక్క రాజ్యం, మరోపక్క సంస్థానం మొదలయ్యాయన్నమాట.

ఇంకొకటి తెలుసా? 1879 జనవరి 22న ఈసాండ్‌ల్వానా దగ్గర జులూ వీరులు ఇంగ్లీషు సేనను చిత్తుగా ఓడించారు. మార్చిలో మన రంప కొండల్లో ఇంగ్లీషువాళ్ల మీద తిరుగుబాటు మొదలైంది. జులై 4న ఇంగ్లీషువాళ్లు జులూల రాజధాని ఉలుందిని తగలబెట్టారు. సరిగ్గా ఆ జులైలోనే రంప తిరుగుబాటు శబరి ఒడ్డున ఉన్న రేకపల్లెకు పాకింది. రేకపల్లె ఉన్న భద్రాచలం తాలూకా 1860లో నిజాం నుంచి ఇంగ్లీషువాళ్లకు, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ కిందికి వచ్చింది. అంతకుముందు గొడ్డలికి ఇంత అని కట్టే పోడు పన్ను కొత్త పాలనలో దాదాపు మూడింతలైంది. కొన్నిచోట్ల పోడు కొట్టడమే నిషేధించారు. కోయలూ కొండరెడ్లూ అంబుల్ రెడ్డి వెంట నడిచారు. జులూల వెనుక ఒక రాజూ రాజధానీ ఉన్నాయి. వీళ్ల వెనుక కొండ తప్ప ఏమీ లేదు. అయినా అణచడానికి మద్రాసు ప్రభుత్వానికి మరుసటి ఏడాది దాకా పట్టింది. ఆ రేకపల్లె ఇప్పుడు పోలవరం ముంపు మండలాల్లో ఒకటైన వరరామచంద్రాపురం మండలంలో ఉంది.