పాపికొండల విహారం: పడవ ఎక్కే ముందే జాగ్రత్త

* రేవు వద్ద పరిశీలనే కుటుంబానికి రక్ష
* పిల్లల కొలతకు తగిన లైఫ్ జాకెట్ లేకుంటే ప్రయాణం మానుకోవడమే మేలు
* వరద హెచ్చరిక లేనంత మాత్రాన నది సురక్షితం కాదు

రాజమహేంద్రవరం: చలికాలం ప్రవేశించి గోదావరిలో ఎర్రనీరు తగ్గుముఖం పట్టగానే పాపికొండల విహారయాత్రకు సందర్శకుల తాకిడి పెరుగుతుంది. ఇరువైపులా పచ్చని కొండలు, నడుమ మలుపులు తిరుగుతూ సాగే నది, పేరంటాలపల్లి శివాలయం, కొండరెడ్ల వెదురు కళాకృతులు ఉభయ తెలుగు రాష్ట్రాల కుటుంబాలను ఇక్కడికి రప్పిస్తున్నాయి. 1973 నాటి ‘అందాల రాముడు’, 2006 నాటి ‘గోదావరి’ చిత్రాలు ఈ నదీయాత్రను తెలుగువారి మనసుల్లో నిలిపాయి. అయితే ఈ నదిలోనే 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి దాదాపు 50 మంది జలసమాధి అయ్యారు. కుటుంబాలుగా, స్నేహ బృందాలుగా వచ్చినవారే వారిలో అధికులు. ముసలివారిని, పసివారిని వెంటబెట్టుకుని బయలుదేరే కుటుంబ పెద్ద తెలుసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవన్నీ పడవ కదలక ముందు చూసుకోవలసినవే.

ఎప్పుడు వెళ్లాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ యాత్రకు అనుకూలమైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ తీవ్రతకు తోడు మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి ఈదురుగాలులు విరుచుకుపడతాయి. జూలై నుంచి వరదల కాలం. వరద ఉన్నప్పుడు అధికారులు పడవలను నిలిపివేస్తారు. వానాకాలం ముగిసినా ఎగువన వర్షాలు కురిస్తే ఒకటి రెండు రోజుల్లోనే నదీ ప్రవాహం మారిపోతుంది. కాబట్టి ముందుగా టిక్కెట్లు తీసుకున్నవారు సైతం బయలుదేరే ముందు రోజు రేవు వద్ద పరిస్థితిని విచారించుకోవాలి.

ఇక్కడ చాలామంది పొరపడే అంశం ఒకటుంది. ధవళేశ్వరం ఆనకట్ట వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. అప్పటి ప్రవాహం సుమారు 10 లక్షల క్యూసెక్కులు. 13.75 అడుగుల వద్ద రెండో హెచ్చరిక, 17.75 అడుగుల వద్ద మూడో హెచ్చరిక వెలువడతాయి. ఏటిగట్లను, లంక గ్రామాలను దృష్టిలో ఉంచుకుని ఇచ్చే హెచ్చరికలివి. పడవ ప్రయాణానికి ఇవి కొలబద్ద కావు. కచ్చులూరు దుర్ఘటన జరిగిన రోజున నదిలో ఉన్నది సుమారు 5 లక్షల క్యూసెక్కులు. అంటే మొదటి హెచ్చరిక స్థాయిలో సగం మాత్రమే. రాజమహేంద్రవరం వద్ద కిలోమీటర్ల వెడల్పున పారే గోదావరి కొండల నడుమ కొన్ని వందల మీటర్లకు కుంచించుకుపోతుంది. అంత నీరూ ఇరుకు దారిన పోవలసి రావడంతో లోతూ, వడీ పెరుగుతాయి. మలుపుల వద్ద సుడులు ఏర్పడతాయి. నాడు మునిగిన పడవను 38వ రోజున, అక్టోబరు 22న గానీ ఒడ్డుకు చేర్చలేకపోయారంటే అక్కడి లోతును, వడిని ఊహించుకోవచ్చు.

రేవు మారింది

ఒకప్పుడు పట్టిసీమ, పురుషోత్తపట్నం రేవుల నుంచి లాంచీలు బయలుదేరేవి. పోలవరం ప్రాజెక్టు నిర్మాణంలో భాగంగా 2021లో గోదావరిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. ప్రస్తుతం రాజమహేంద్రవరం వైపు నుంచి వెళ్లేవారు ప్రాజెక్టుకు ఎగువన దేవీపట్నం మండలంలోని గండిపోచమ్మ ఆలయం వద్ద పడవ ఎక్కుతున్నారు. భద్రాచలం వైపు నుంచి వచ్చేవారికి వి.ఆర్.పురం మండలంలోని పోచవరం రేవు ఉంది. గండిపోచమ్మ రేవుకు రాజమహేంద్రవరం నుంచి రోడ్డు ప్రయాణమే గంటకు పైగా పడుతుంది. బస్సు ప్రయాణం పడని పిల్లలకు ముందుగానే తేలికపాటి ఆహారం పెట్టడం మంచిది.

ప్రాజెక్టు వల్ల మరో మార్పు కూడా వచ్చింది. 2019లో పడవ మునిగినప్పుడు కచ్చులూరు గిరిజనులు ప్రాణాలకు తెగించి నాటు పడవలపై వెళ్లి 20 మందికి పైగా ప్రయాణికులను కాపాడారు. ముంపు కారణంగా దేవీపట్నం మండలంలోని తీర గ్రామాలు అనేకం నేడు ఖాళీ అయ్యాయి. ఆపదలో కేకవేస్తే పలికే ఒడ్డు మునుపటంత దగ్గరలో లేదు. కొండల నడుమ సెల్‌ఫోన్ సంకేతాలు కూడా చాలాచోట్ల అందవు. అందువల్ల పడవలో ఉన్న రక్షణ సామగ్రిపైనే ఆధారపడవలసి ఉంటుంది.

టిక్కెట్టు, ప్రయాణికుల జాబితా

టిక్కెట్టు తీసుకునేటప్పుడు పడవ పేరు రాసిన రసీదు అడగాలి. రేవు వద్ద అదే పడవ ఎక్కిస్తున్నారో లేదో సరిచూసుకోవాలి. అనుమతి పొందిన ప్రయాణికుల సంఖ్య ఎంతో, ఎక్కినవారు ఎందరో అడిగే హక్కు ప్రతి ప్రయాణికుడికీ ఉంది. 2017 నవంబరు 12న విజయవాడ సమీపంలోని పవిత్ర సంగమం వద్ద కృష్ణా నదిలో 20 మందికి పైగా ప్రాణాలను బలిగొన్న పడవకు అసలు అనుమతే లేదు. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్గత జలరవాణా నౌకల చట్టం ప్రకారం పడవకు రిజిస్ట్రేషన్, సర్వే ధ్రువపత్రం, బీమా తప్పనిసరి.

పెద్ద బృందాలుగా వచ్చినవారు అందరూ ఒకే పడవలో వెళ్లాలని పట్టుబట్టడం, నలుగురైదుగురిని అదనంగా ఎక్కించుకోవాలని సిబ్బందిని బతిమాలడం రేవుల్లో తరచూ కనిపించే దృశ్యం. ఇది ఎంతమాత్రం తగదు. బరువు మీరిన పడవ సుడిలో అదుపు తప్పే అవకాశం ఎక్కువ.

ప్రయాణికుల జాబితాలో ఒడిలోని బిడ్డతో సహా ఇంటిల్లిపాది పేర్లు, వయసులు నమోదు చేయించాలి. సగం టిక్కెట్టు కోసమో, ఉచిత ప్రయాణం కోసమో పిల్లల పేర్లు దాచకూడదు. 2019 దుర్ఘటన అనంతరం పడవలో మొత్తం ఎందరున్నారన్నది తేలడానికే కొన్ని రోజులు పట్టింది. పడవ పేరు, బయలుదేరిన సమయం, తిరిగి వచ్చే వేళ ఇంటి వద్ద ఒకరికి తెలియజేసి వెళ్లాలి.

లైఫ్ జాకెట్: ధరించడమే కాదు, సరిపోవాలి

కచ్చులూరు వద్ద ప్రాణాలతో బయటపడినవారిలో పలువురు లైఫ్ జాకెట్లు ధరించినవారే. జాకెట్టును నిబంధన కోసం తొడుక్కుని, పడవ కదలగానే విప్పి దిండుగా వేసుకునేవారు నేటికీ కనిపిస్తున్నారు. పడవ మునగడానికి కొద్ది క్షణాలు చాలు. ఆ క్షణాల్లో జాకెట్టును వెతికి తొడుక్కోవడం జరిగే పని కాదు. పడవలో కాలు పెట్టక ముందే ధరించి, తిరిగి ఒడ్డున దిగాకే విప్పాలి. భోజన సమయంలోనూ తీయరాదు.

జాకెట్టు సరిపోయిందో లేదో తెలుసుకోవడం సులభం. బకిల్సు అన్నీ బిగించి, రెండు భుజాల వద్ద పట్టుకుని పైకి లాగి చూడాలి. జాకెట్టు గడ్డం దాటి చెవుల వరకు లేచిందంటే అది వదులు. నీటిలో పడినప్పుడు మనిషి కిందికి జారిపోయి జాకెట్టు పైకి తేలిపోతుంది. పెద్దల జాకెట్టు పిల్లలకు ఈ కారణంగానే పనికిరాదు. పిల్లల జాకెట్టుపై ఎంత బరువు వారికి తగినదో రాసి ఉంటుంది. కాళ్ల మధ్యనుంచి వచ్చే పట్టీ ఉంటే తప్పక బిగించాలి. చిరిగినవి, బకిల్సు ఊడినవి ఇస్తే అక్కడికక్కడే మార్పించుకోవాలి. శాలువా, స్వెట్టరు జాకెట్టు లోపల ఉండాలి తప్ప పైన కాదు. చీర ధరించినవారు కొంగును నడుముకు దోపుకోవాలి.

బిడ్డను తల్లి జాకెట్టులోనే కలిపి కట్టడం, కొంగుతో నడుముకు కట్టుకోవడం ప్రమాదకరం. చంటిబిడ్డకు తగిన కొలత జాకెట్టు రేవులో లేకుంటే ఆ ఏడాదికి యాత్ర వాయిదా వేసుకోవడం ఉత్తమం. టిక్కెట్టు డబ్బు పోయినా ఫరవాలేదు.

పడవలో ఎక్కడ కూర్చోవాలి?

పసిపిల్లలు, వృద్ధులు ఉన్న కుటుంబం కింది డెక్కులో బయటికి వెళ్లే ద్వారానికి సమీపంలో కూర్చోవడం మేలు. పై డెక్కుపై ఎక్కువమంది చేరితే పడవ బరువు పైకి చేరి నిలకడ తగ్గుతుంది. పాపికొండలు కనిపించగానే ఫొటోల కోసం అందరూ ఒకే పక్కకు పరుగెత్తడం, పాటలకు గుంపుగా గంతులు వేయడం మానుకోవాలి. పిల్లలను పిట్టగోడపై కూర్చోబెట్టరాదు.

2018 మే 15న దేవీపట్నం మండలంలో లాంచీ మునిగినప్పుడు గాలివాన కారణంగా తలుపులు, కిటికీలు మూసి ఉండడంతో లోపలివారు బయటకు రాలేకపోయారు. తడిసినా సరే, గాలివానలో ద్వారాలు తెరిచే ఉంచాలి. మబ్బు కమ్మినప్పుడు పడవను ఒడ్డుకు చేర్చమని సరంగును కోరడానికి మొహమాటపడరాదు. అంతకు నాలుగు రోజుల ముందు, మే 11న, ఇదే ప్రాంతంలో ఒక పర్యాటక పడవ అగ్నికి ఆహుతైనా సకాలంలో ఒడ్డుకు చేర్చడంతో ప్రయాణికులంతా క్షేమంగా బయటపడ్డారు.

పడవ ఒరిగితే రెండో పక్కకు ఉరకకుండా ఉన్నచోటే గట్టిగా పట్టుకోవాలి. నీటిలో పడితే ప్రవాహానికి ఎదురీదరాదు. వెల్లకిలా తేలుతూ, కాళ్లు ప్రవాహం దిశకు చాపి, పిల్లలను దగ్గరకు తీసుకుని సాయం కోసం వేచి ఉండాలి.

పేరంటాలపల్లిలో

దిగేటప్పుడు బల్లపై తోపులాట లేకుండా ఒక్కొక్కరుగా నడవాలి. ఆలయానికి మెట్లెక్కవలసి ఉన్నందున మోకాళ్ల నొప్పులున్నవారు చేతికర్ర తెచ్చుకోవాలి. ఇసుక తిన్నెల వద్ద నీరు మోకాలి లోతే కదా అని పిల్లలను స్నానానికి దించరాదు. రెండడుగులు ముందుకు వేస్తే నిలువు లోతు ఉండవచ్చు. ఈ ప్రాంతం పాపికొండల జాతీయ ఉద్యానవన పరిధిలోనిది. ప్లాస్టిక్ సీసాలు, పొట్లాలు అక్కడ పారవేయకుండా వెనక్కు తెచ్చుకోవాలి.

2019 దుర్ఘటన తరువాత ప్రభుత్వం 2020 జూన్‌లో గండిపోచమ్మ, పేరంటాలపల్లి, పోచవరం సహా తొమ్మిది చోట్ల పడవల కంట్రోల్ రూములకు శంకుస్థాపన చేసింది. లోపాలు కనిపిస్తే పడవ ఎక్కక ముందే రేవులోని అధికారుల దృష్టికి తేవాలి. నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాల్లో లాంచీ ఎక్కే కుటుంబాలకూ ఈ జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి.

వెంట ఉంచుకోవలసినవి

* కుటుంబంలో ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డు, నీరు చొరని సంచిలో సెల్‌ఫోన్
* రక్తపోటు, మధుమేహం మందులు రెండు పూటలకు సరిపడా
* మంచినీరు, పిల్లలకు బిస్కెట్లు, ఒక జత పొడి బట్టలు
* నీటిలో సులభంగా విడిచివేయగల చెప్పులు
* విలువైన నగలు ఇంటి వద్దే వదిలి రావాలి
* సంకేతం అందేచోట అత్యవసర సాయానికి 112, అంబులెన్సుకు 108