ముఖలింగం బాలరాజు: అపోహలు, వాస్తవాలు

1078లో కళింగనగరంలో, అంటే నేటి శ్రీకాకుళం జిల్లా ముఖలింగంలో, గాంగరాజు రాజరాజ దేవేంద్రవర్మ తరవాత అతని కొడుకు అనంతవర్మ చోడగంగ గద్దెనెక్కాడు. అప్పటికి పసివాడు. తల్లి రాజసుందరి చోళుల ఆడపడుచు. ఈ సంగతుల చుట్టూ అల్లుకున్న కథలు చాలా ఉన్నాయి.

అపోహ: బాలుడు పేరుకే రాజు. తల్లిని అడ్డం పెట్టుకుని చోళులే కళింగాన్ని ఏలారు.

వాస్తవం: పసితనంలో తల్లి మాట, తండ్రినాటి మంత్రుల మాట చెల్లే ఉంటాయి. అయితే చోళులు నిజంగా చేజిక్కించుకున్న రాజ్యం ఎలా ఉంటుందో పక్కనే వేంగిలో కనబడుతుంది. అక్కడి పాలకుడు విజయాదిత్యుడు పోగానే కులోత్తుంగ చోళుడు తన కొడుకులనే ఒకరి తరవాత ఒకరిని ప్రతినిధులుగా కూర్చోబెట్టాడు. కళింగనగరంలో సింహాసనం గాంగులదే. 1081 నాటి తామ్రశాసనం కూడా బాలుడైన చోడగంగ పేరిటే వెలువడింది.

అపోహ: తాతగారి వంశం కనుక చోళులు కళింగం జోలికి రాలేదు.

వాస్తవం: రాజసుందరి తండ్రి కులోత్తుంగుడని కొందరు చరిత్రకారులు అంటారు, చోళరాజు వీరరాజేంద్రుడని మరికొందరు. ఎవరైనా ఆ చుట్టరికం కత్తిని ఆపలేదు. సుమారు 1110లో కులోత్తుంగుడి సేనాని కరుణాకర తొండైమాన్ కళింగం మీద విరుచుకుపడ్డాడు. జయంగొండార్ తమిళ కావ్యం ‘కళింగత్తుప్పరణి’ ఆ యుద్ధం మీదే. దీన్ని తమిళులకూ మనకూ జరిగిన పోరుగా చెప్పుకోవడం కూడా పొరపాటే. దండు పంపిన కులోత్తుంగుడు నన్నయను ఆదరించిన రాజమహేంద్రవరం రాజరాజ నరేంద్రుడి కన్నకొడుకు!

అపోహ: ఆ దెబ్బతో చోడగంగ పని అయిపోయింది.

వాస్తవం: 1118 నాటికే ఉత్కళంలో రాజును నిలబెట్టగల స్థితికి చేరాడు. పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకున్నదీ ఆయనే.

మరి చోడగంగ తండ్రి రాజరాజు మరో ఇరవై ఏళ్లు బతికి ఉంటే? ఇది ఊహే, కానీ గాలిలోది కాదు. కళింగపట్నం దగ్గరి దీర్ఘాసి శాసనంలో రాజరాజు సేనాని వనపతి వేంగి మీద విజయాలు చెప్పుకున్నాడు. ఆ ఊపు కొనసాగితే గాంగుల చూపు గోదావరి వైపే ఉండేదని, తరవాత జరిగినట్టు రాజధాని ముఖలింగం నుంచి కటకానికి తరలేది కాదని నా నమ్మకం.

ముఖలింగం వెళ్లినవారు మధుకేశ్వరుడికి మొక్కి, గుడి రాళ్ల మీది శాసనాలనూ చూడండి. ఆ అక్షరాల మీద ఎవరినీ సున్నం పూయనివ్వకండి.