ఆర్కిడ్ కాయను కోయు అదను

పూవు పూచినంతనే తోటపని ముగిసినదని మనలో పలువురు తలంతురు. మల్లె, గులాబి, చేమంతి మున్నగువానిని కొమ్మనుండియో పిలకనుండియో పెంచుకొనుట మనకు వాడుక గావున, వాని కాయలను గూర్చి మన మంతగా ఆలోచింపము. కాని ఆర్కిడ్ మొక్కను పెంచు సోదరీమణులకు ఏదో యొకనాడు దాని గింజను తీసి పిల్లమొక్కలను పెంచవలెనను కోరిక కలుగక మానదు. మాకును కలిగినది. మొదట నష్టపడి పిదప నేర్చుకొన్న సంగతులను మా పాఠకసోదరీమణులకు తెలుపుట యుక్తమని తలంచి యిది వ్రాయుచున్నాము.

మాయింటి వసారాలో మా అక్కగారిచ్చిన కాట్లియా మొక్క యొకటి కలదు. ఆమె గతించిన మరుసటి సంవత్సరమున అది పూచినది. ఈ మొక్కకును ఏమైన నైనచో ఆమె గురుతు మాకిక మిగులదను భయముతో, మరియొక కాట్లియా పూవునుండి పుప్పొడిముద్దను పుల్లతో తీసి దాని కంటించితిమి. కొన్నినాళ్ళకు పూవు వాడి, దాని వెనుకనున్న కాడయే లావెక్కి కాయయైనది. నెలలు గడచినవి. పదవనెలలో బంధువులయింట పెండ్లికి పోయి నాలుగవనాడు తిరిగివచ్చునప్పటికి కాయ నిలువున చీలి వట్టి డొల్లయై యుండెను. గచ్చుమీద పసుపువన్నె దుమ్ము పలుచగా పరచుకొని యుండెను. అందు సగము పనిమనిషి యప్పటికే ఊడ్చివైచినది. ఆ దుమ్మే గింజలని ఆమె కెట్లు తెలియును? ఇన్ని నెలలు కనిపెట్టుకొని యుండియు మాకే తెలియకపోయెను.

నువ్వుచేను కోతకు జాగుచేసినచో కాయ నోరువిచ్చి గింజ నేలరాలునని మన రైతు లెరుగుదురు. ఆర్కిడ్ కాయయు నట్టిదే. ఒక్కొక్క కాయలో వేలనుండి లక్షలవరకు గింజలుండును. మినుము, కంది మొదలగు గింజలందు మొలకకు కావలసిన ఆహారము నిలువయుండును. ఆర్కిడ్ గింజకు అట్టి సంపద లేదు. అడవిలో నది ఒకజాతి బూజుయొక్క సాయమున మొలకెత్తునని 1899వ సంవత్సరమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు నోయెల్ బెర్నార్డు కనిపెట్టెను. బూజు లేకున్నను, పంచదార కలిపిన పోషకపు జెల్లీపై గాజుబుడ్డిలో మొలపింపవచ్చునని 1922లో అమెరికాదేశపు లూయిస్ నడ్సన్ చూపెను. నేటికిని ప్రయోగశాలలలో ఇట్లే మొలపించుచున్నారు.

ఇక పక్వమును గుర్తించు విధము. మొదటి యాధారము తేది. పుప్పొడి అంటించిన దినమును చీటిపై వ్రాసి కాడకు కట్టవలయును. ఫెలనాప్సిస్ కాయ పండుటకు ఇంచుమించు ఆరు నెలలు, కాట్లియాకు తొమ్మిది మొదలు పండ్రెండు నెలలు, వాందాకు ఒక్కొక్కప్పుడు ఏడాదికి పైబడియు పట్టును. ఎండ, చలి, మొక్కబలము ననుసరించి యీ గడువు మారును గావున, తేది మనకు మేలుకొలుపు మాత్రమే. తీర్పు చెప్పవలసినది కన్నే.

కాయ ముందు వేగముగా లావెక్కును. కొంతకాలమునకు పెరుగుట నిలిచి గట్టిపడును. పిమ్మట ఆకుపచ్చని నిగ నిగ తగ్గి, తరచుగా వాడిన పూవు అంటియున్న కొననుండి పసుపువన్నె యెక్కును. కడపట కాయ గట్ల వెంబడి సన్నని గీత యగపడును. అదియే కోయవలసిన దినము. ఆ గీత మరునాటికి చీలిక కావచ్చును. కాయపట్టిన నెల రెండు నెలలలోనే పసుపెక్కి మెత్తబడినచో అది పక్వము కాదు. మొక్క ఆ కాయను విడిచివేయుచున్నదన్నమాట.

గడువు సమీపించినతోడనే పలుచని కాగితపు సంచిని కాయకు తొడిగి దారముతో కట్టవలయును. గుడ్డసంచి సందులనుండి ఈ గింజ జారిపోవును. ప్లాస్టిక్ సంచిలో చెమ్మచేరి బూజుపట్టును. నీరు పోయునపుడు సంచి తడియకుండ చూచుకొనవలయును. ఈ కొద్దిపాటి జాగ్రత్తయే మాకు లోపించినది.

కాయ చీలకముందే పచ్చికాయగా కోయుట మరియొక పద్ధతి. పక్వకాలములో మూడింట రెండుపాళ్ళు గడచినపిదప లోని గింజలు చాలవరకు మొలకెత్తుటకు తగియుండును. మూసియున్న కాయలోనికి క్రిములు చొరవు గావున, పైభాగమును శుద్ధిచేసి కోసిన చాలును. ప్రయోగశాలవారు దీనినే మెత్తురు. అయితే పచ్చికాయ నిలువయుండదు. కోసిన కొద్దిదినములలోనే వారికి చేర్పవలయును. ఎండుగింజను కాగితపు పొట్లములో కట్టి, తేమను పీల్చు సిలికాజెల్‌తో సీసాలో మూతవేసి, రిఫ్రిజిరేటరులో మంచుగడ్డకట్టని యరలో ఉంచిన కొన్ని నెలలు చెడదు. పంపుటకు ముందు చిటికెడు గింజను శక్తిగల భూతద్దముతో చూడుడు. గింజనడుమ చిన్న గుండ్రని చుక్క కనబడిన మంచిది. అన్నియు తెల్లని వట్టిపొట్లవలె నున్నచో వానిలో ప్రాణము లేదు.

కాయను మోయుట మొక్కకు భారము. మా కాట్లియా మరుసటి యేడు పూయనేలేదు. బలహీనమైన మొక్కకు కాయపట్టనీయరాదు. బలమైనదానికైనను ఒకటి చాలును.

రెండేండ్లు మొక్కకు విశ్రాంతినిచ్చి మరల ప్రయత్నించితిమి. ఈమారు సంచి కట్టి ప్రతి యుదయమును చూచితిమి. గీత కనబడిననాడే కోసితిమి. ప్రయోగశాలనుండి తిరిగివచ్చిన బుడ్డిలో నిప్పుడు ఆవగింజలంత పచ్చని మొలకలున్నవి. అవి పూచుట కింకను అయిదారేండ్లు పట్టవచ్చును. అవి అక్కగారి మొక్క సంతానమే గాని అక్కగారి మొక్క కావు. గింజనుండి పుట్టినది తల్లిని ముమ్మూర్తుల పోలదు. ఆ పూవే మరల కావలెనన్నచో మొక్కను విభజించి నాటుటయే మార్గము. ఈ సంగతి ముందే తెలిసియున్నచో మొదటనే ఆ పని చేసియుందుము. ఇప్పుడు దానిని రెండుగా విడదీసి, ఒక భాగమును అక్కగారి కుమార్తెకు పంపితిమి. ఈ యేడు ఆమె యింట నది మొగ్గ తొడిగినదని జాబు వచ్చినది.