రెండు కంపెనీలు, ఒకే ప్రాజెక్ట్: గెస్ట్ అకౌంటా, షేర్డ్ ఛానెలా?

యాప్ మీ స్టార్టప్‌ది, డిజైన్ ఇంకో ఏజెన్సీది. ప్లాన్ మాత్రం ఒకే చోట ఉండాలి. మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో దీనికి రెండు దారులున్నాయి. గెస్ట్‌గా చేరితే అవతలి కంపెనీ టీమ్స్‌లోకి స్విచ్ అవుతూ ఉండాలి. షేర్డ్ ఛానెల్‌కి ఆ గోల లేదు, మీ సొంత టీమ్స్‌లోనే కనిపిస్తుంది. కాకపోతే రెండు వైపులా ఐటీ అడ్మిన్లు ముందే పర్మిషన్ ఇవ్వాలి. స్లాక్ కూడా 2020లో స్లాక్ కనెక్ట్ పేరుతో ఇలాంటిదే తెచ్చింది.

అసలు మెలిక ఫైళ్ల దగ్గరే ఉంది. టీమ్స్ షేర్డ్ ఛానెల్‌లో పెట్టినవన్నీ దాన్ని క్రియేట్ చేసిన కంపెనీ షేర్‌పాయింట్‌లోనే ఉంటాయి. ప్రాజెక్ట్ అయ్యాక వాళ్లు మిమ్మల్ని తీసేస్తే, మీరు రాసిన ప్లానే మీకు ఓపెన్ కాదు. అందుకే ఛానెల్ ఎవరు క్రియేట్ చేయాలో, కాపీలు ఎవరి దగ్గర ఉండాలో మొదటి రోజే మాట్లాడుకోండి.